మల్లెల తీర్థం నడక: లొద్దిలోకి దిగి, చుట్టు దారిన తిరిగి పైకి రావడం ఎలా?

నల్లమలలో జలపాతం చూడాలంటే కొండ ఎక్కవలసిన పని లేదు, లోయలోకి దిగవలసి ఉంటుంది. అమ్రాబాద్ పీఠభూమి పైభాగం చాలా వరకు చదునుగా ఉంటుంది. వానాకాలంలో ఆ చదును మీద పడిన నీరు చిన్న చిన్న వాగులుగా పోగై, రాతి అంచు దాకా నెమ్మదిగా వచ్చి, అక్కడి నుంచి ఒక్కసారిగా ఇరుకైన లోయలోకి దూకి, ఆ లోయల వెంటే కృష్ణా నది వైపు సాగిపోతుంది. స్థానికులు లొద్ది అని పిలిచే అటువంటి లోయలోనే మల్లెల తీర్థం ఉంది. ఒకప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ ఉన్న ఈ జలపాతం ఎత్తు సుమారు 150 అడుగులని చెబుతారు.

గుట్ట ఎక్కేవారు అలసిపోతే వెనుదిరిగితే చాలు, ఆ తర్వాతంతా దిగుడే కాబట్టి ఎలాగో ఇల్లు చేరవచ్చు. లొద్దిలో లెక్క తిరగబడుతుంది. పొద్దున్నే, ఒంట్లో ఓపిక నిండుగా ఉన్నప్పుడు సులువైన దిగుడు వస్తుంది. తడిసిన బట్టలతో, తిన్న కడుపుతో, కాళ్లు బరువెక్కిన వేళకు ఎక్కుడు మొదలవుతుంది. అందుచేత ఈ నడకలో ప్రతి నిర్ణయాన్నీ తిరుగు ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకునే తీసుకోవాలి. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం నుంచే పుట్టినవి.

కాలం, అనుమతి, దారి

అక్టోబరు నుంచి జనవరి దాకా ఈ నడకకు మంచి కాలం. వానలు తగ్గి ఉంటాయి, జలపాతంలో నీరు మిగిలి ఉంటుంది, బాట ఆరి ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ధార సన్నబడుతుంది. మార్చి దాటితే చెట్లు ఆకు రాల్చేసి నీడ కరువవుతుంది, ఎండుటాకుల్లో నిప్పు భయం కూడా తోడవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా, ఈ అడవి ఉన్న పులుల సంరక్షణ కేంద్రంలో సఫారీ మూసి ఉంటుంది. ఆ నెలల్లో జలపాతం నిండుగా దూకుతుందన్న మాట నిజమే అయినా, కొత్తవారు లోయలోకి దిగవలసిన కాలం అది కాదని నా అభిప్రాయం. కారణం వాగు గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

ఈ అడవి అమ్రాబాద్ పులుల సంరక్షణ కేంద్రంలో భాగం. 2014లో రాష్ట్రం విడిపోయాక, అప్పటి దాకా నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంగా ఒక్కటిగా ఉన్న అడవిలో కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం ఈ పేరుతో వేరైంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇటువంటి అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. జలపాతం చూడటానికి ప్రవేశ రుసుము కట్టి మెట్ల దారిన దిగడం ఒక సంగతి, మెట్లు వదిలి అడవిలోకి వెళ్లడం పూర్తిగా వేరే సంగతి. వాగు గట్టున సాగి మరో చోట పైకెక్కే చుట్టు దారిన నడవాలనుకుంటే ముందుగా మన్ననూరులోని అటవీ శాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకుని, వారు పంపిన మనిషి తోడుగా ఉన్నప్పుడే నడవాలి. వారు కాదంటే వాదించకుండా మెట్ల దారితోనే సరిపెట్టుకోవాలి. పులి తిరిగిన జాడలు, వాగు ఉధృతి, నిప్పు భయం వంటివి మనకంటే ముందు వారికి తెలుస్తాయి. మన్ననూరులో బస, సఫారీ, గైడుతో అడవి నడక కలిపిన అటవీ శాఖ ప్యాకేజీ కూడా ఉంది కాబట్టి, అడవి నడక బొత్తిగా కొత్త అయినవారు దానితో మొదలుపెట్టడం మేలు.

హైదరాబాద్ నుంచి వచ్చేవారు శ్రీశైలం రహదారి మీద కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు చేరుతారు. దూరం సుమారు 140 కిలోమీటర్లు. నల్లగొండ వైపు వారికి దేవరకొండ, డిండి మీదుగానూ, మహబూబ్‌నగర్ వైపు వారికి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగానూ దారి ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అడవి మొదలవుతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఈ దారిలో వాహనాలను వదలరు. అక్కడి నుంచి ఫరహాబాద్ దాటి వటవర్లపల్లి చేరాక, ప్రధాన రహదారి వదిలి సుమారు 8 కిలోమీటర్లు అడవి దారిలో లోపలికి వెళ్లాలి. శ్రీశైలం వెళ్లే ఆర్టీసీ బస్సు ఎక్కి వటవర్లపల్లిలో దిగవచ్చు గానీ, ఆ 8 కిలోమీటర్లకు ఆటో గానీ జీపు గానీ మాట్లాడుకోవాలి. పోనూ రానూ ఒకే బేరం కుదుర్చుకుని, డ్రైవరును అక్కడే ఉండమని చెప్పాలి. సాయంత్రం మరో బండి దొరుకుతుందన్న ధీమా ఈ అడవిలో పనికిరాదు. ఆ దారిని నడిచి దాటుదామన్న ఆలోచన కూడా వద్దు.

గడియారాన్ని వెనక నుంచి లెక్కపెట్టండి

డిసెంబరులో ఇక్కడ ఐదున్నర దాటగానే పొద్దు కుంకుతుంది. లోయ అడుగున ఎండ అంతకు చాలా ముందే పోతుంది; మధ్యాహ్నం మూడున్నరకే నీడ కమ్ముకుని రాళ్ల మీది తడి కంటికి ఆనదు. పొద్దు కుంకే వేళకు మన్ననూరు దాటాలంటే నాలుగున్నరకు ప్రధాన రహదారి మీద ఉండాలి, దానికి మూడున్నరకు బండి కదలాలి, అంటే మూడింటికి మీరు లోయ నుంచి పైకి వచ్చేసి ఉండాలి. మెట్ల దారిన ఎక్కడానికి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడంతో కలిపి, దిగినప్పటికి రెట్టింపు సమయం కేటాయించండి. చుట్టు దారి అయితే రాళ్ల మీద గంటకు రెండు కిలోమీటర్లకు మించి నడవలేరని ముందే ఒప్పుకోండి. రోడ్డు మీద గంటకు ఐదారు కిలోమీటర్లు నడిచేవారు సైతం ఇక్కడ అంతే. ఈ లెక్కన ఉదయం తొమ్మిదిన్నరకల్లా మెట్ల పైన ఉండాలి. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరితే గానీ అది సాధ్యం కాదు. అంత పొద్దున లేవలేమనుకునేవారు ముందు రాత్రికే అచ్చంపేటకో మన్ననూరుకో చేరుకోవడం నయం.

తోడుగా వచ్చేవారికి ఒక్క విషయం బయలుదేరే ముందే స్పష్టంగా చెప్పండి. పన్నెండున్నరకు నీటి దగ్గర నుంచి లేస్తామంటే లేస్తాం, ఆ సమయం ఎవరి ఫొటోల కోసమూ జరగదు. గుంపులో ఈ మాట అనే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి మీరే అయితే మంచిది.

సంచిలో ఏముండాలి

మనిషికి మూడు లీటర్ల నీరు, ప్లాస్టిక్ సీసాల్లో కాకుండా స్టీలు సీసాల్లో ఉండాలి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను ఈ అడవిలోకి తీసుకురానివ్వరు. తెల్లగా, తేటగా కనిపించినంత మాత్రాన వాగు నీరు తాగరాదు, పైన అడవి జంతువులూ పశువులూ తిరిగిన నీరే కిందికి వస్తుంది. తినడానికి సద్ది మూట కట్టుకోండి. జొన్నరొట్టె, పల్లీల పొడి, ఉల్లిగడ్డ, రెండు అరటిపండ్లు అంటే బరువు తక్కువ, ఓపిక ఎక్కువ. బిర్యానీ పొట్లం తెచ్చుకుని, అది తిన్నాక నిద్ర ముంచుకొచ్చి ఎక్కుడును తిట్టుకునేవారు ఇక్కడ ఎప్పుడూ కనిపిస్తారు. రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు, సాగే గుణమున్న క్రేప్ బ్యాండేజీ, చిన్న టార్చి, ఈల, పది మీటర్ల నైలాన్ తాడు, పొడి బట్టల జత, చెత్త వెనక్కి తేవడానికి గుడ్డ సంచి ఉంటే చాలు. స్పీకరు ఇంట్లోనే పెట్టి రండి.

బూట్ల మీద మాత్రం రాజీ పడవద్దు. అడుగు అరిగి నున్నబడిన పాత బూట్లు, చెప్పులు, ఎత్తు మడమలవి, ఏవీ పనికిరావు. అడుగున లోతైన గాట్లున్న క్యాన్వాస్ బూట్లు చాలు. తోలు బూట్లు తడిస్తే బరువెక్కి ఆరనే ఆరవు. బట్టలు చీలమండ దాకా ఉండాలి, చేతులు కప్పి ఉండాలి, రంగులు మట్టిలోనూ ఆకుల్లోనూ కలిసిపోయేవిగా ఉండాలి. అత్తరు, సెంటు, ఘాటైన తల నూనె ఆ రోజుకు మానేయండి. ఎందుకన్నది తేనెటీగల గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

అక్టోబరు తర్వాత అడవిలో నిండు చేతుల చొక్కా అవసరం మరింత పెరుగుతుంది. బాట పక్క పొదల మీద తీగలా అల్లుకున్న దురదగొండి కాయలు అప్పటికి ఎండి, చింతకాయ ఆకారంలో, బంగారు గోధుమ రంగు నూగుతో వేలాడుతుంటాయి. ముట్టుకోవాలనిపించేంత మెత్తగా కనిపిస్తాయి. ఆ నూగు కంటికి ఆనని ముళ్ల లాంటిది, చర్మం మీద పడితే గంటల తరబడి మంట, దురద. పడితే రుద్దవద్దు, గోకవద్దు, రుద్దిన కొద్దీ లోపలికి దిగుతుంది. ప్లాస్టరు పట్టీ గానీ అతికే టేపు గానీ అద్ది మెల్లగా లాగి, ఆ తర్వాత నీటితో కడగాలి. చొక్కాకు అంటితే ఆ చొక్కా విప్పి సంచిలో విడిగా పెట్టాలి.

దిగడం

వాహనం నిలిపిన చోటి నుంచి లోయ అడుగు దాకా కొన్ని వందల మెట్లు ఉంటాయి. మెట్లే కదా అని గబగబా దిగితే తొడల ముందు భాగం, మోకాలి చిప్ప కింద భాగం అలసిపోతాయి, ఆ అలసట దిగేటప్పుడు తెలియదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మోకాలు కొద్దిగా వంచి, పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, ముందు పాదం స్థిరపడ్డాక రెండో పాదం తీయడం అలవాటు చేసుకోండి. చేతిలో భుజం ఎత్తున కర్ర ఒకటి ఉంటే మోకాళ్ల మీది బరువు తగ్గుతుంది. కర్ర కోసం పచ్చని వెదురు నరకవద్దు, అది నేరం కూడా, ఇంటి నుంచే తెచ్చుకోండి.

కింద రాళ్ల మీద అడుగు పెట్టే పద్ధతి వేరు. పొడిగా, గరుకుగా, లేత రంగులో ఉన్న రాయి పాదాన్ని పట్టుకుంటుంది. నల్లగా మెరుస్తున్న తడి రాయి మీద పాకుడు ఉందనే అనుకోవాలి, కంటికి పచ్చగా కనిపించకపోయినా సరే. అడుగు వేయక ముందు కర్రతో ఒకసారి గీకి చూడండి, కర్ర జారితే పాదమూ జారుతుంది. అడుగులు చిన్నవిగా ఉండాలి, రాయి నుంచి రాయికి దూకకూడదు, వాలు ఎక్కువగా ఉన్న చోట ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి దిగాలి. రాతి పగులులో చేయి పెట్టే ముందు లోపల ఏముందో చూడండి. చలి రోజుల్లో ఎండకు వెచ్చబడిన రాయిని వెతుక్కునేది మీరొక్కరే కాదు.

ఇక్కడ దేవుడు ఉన్నాడన్న మాట మరవకూడదు. జలపాతం దగ్గర శివలింగం ఉంది, చాలామందికి ఇది విహార స్థలం కంటే ముందు తీర్థం. అక్కడ బూట్లు విప్పండి. అడవిలో ఉండే చెంచులకు ఈ నేలంతా లింగమయ్యది, అంటే శివుడిది. దారిలో పెంట, అంటే చెంచుల చిన్న గూడెం, కనిపిస్తే, అది వారి ఇల్లూ వాకిలీ అన్న ఎరుకతో, పిలవనిదే లోపలికి వెళ్లకుండా, అడగనిదే ఫొటో తీయకుండా సాగిపోవాలి. మీకు తోడుగా వచ్చే ట్రాకరు (జాడలు పట్టే మనిషి) చెంచు అయి ఉండే అవకాశం ఎక్కువ. ఈడువాడైతే అన్నా అని, పెద్దాయనైతే తాతా అని పిలిచి, ఆయన ఆగమంటే ఆగండి. ఆయన చెవికి అందే శబ్దాలు మీకు అందవు.

జలపాతం దగ్గర

నీటిలో దిగాలా వద్దా అన్నది ఆ రోజు నీటిని చూసి నిర్ణయించుకోవాలి తప్ప, ఇంత దూరం వచ్చామన్న కారణంతో కాదు. ధార పడే చోట గుండం ఉన్నట్టుండి లోతుగా ఉంటుంది, ఏళ్ల తరబడి పడిన నీరు అడుగును తొలిచి ఉంటుంది. ఒడ్డున మోకాలి లోతు చూసి నడుచుకుంటూ వెళ్లినవారికి రెండడుగుల తర్వాత నేల అందకపోవచ్చు. ధార కింద సుడి తిరిగే నీరు ఈత వచ్చినవారిని కూడా కిందికి లాగుతుంది. పైనుంచి నీటితో పాటు రాళ్లూ కొమ్మలూ పడతాయి కాబట్టి ధార కింద నేరుగా నిలబడకూడదు. ఈత రానివారు మోకాలి లోతు దాటవద్దు, వచ్చినవారు ధారకు దూరంగానే ఉండాలి, ఎవరు నీటిలో ఉన్నా ఒకరు ఒడ్డున తాడు పట్టుకుని కూర్చోవాలి. తాగి వచ్చినవారిని నీటిలో దిగనివ్వకండి, వారు స్నేహితులైనా సరే, అలిగినా సరే. మునిగిపోతున్న మనిషిని పట్టుకోవడానికి దూకవద్దు. తాడు, కర్ర, కట్టిన చున్నీ, ఏదైనా విసిరి లాగాలి.

ఇప్పుడు వాగు సంగతి. లోయలో వాన పడకపోయినా వరద రావచ్చన్నది కొత్తవారు నమ్మని విషయం. మీరు కింద నీలాకాశం చూస్తూ ఉండగానే, పైన పీఠభూమి మీద కొన్ని కిలోమీటర్ల అవతల కురిసిన వాన వాగులన్నీ కలుపుకుని అదే ఇరుకు దారిలోకి వస్తుంది. చదును నేల మీద పరచుకుని వచ్చిన నీరు, లోయ వెడల్పు తక్కువ కాబట్టి, ఎత్తులో పెరుగుతుంది. ముందుగా కనిపించే సూచనలు మూడు. తేటగా ఉన్న నీటిలో ఎర్రమట్టి చాయ మొదలవుతుంది. ఎండుటాకులు, పుల్లలు, నురగ గుంపులుగా కొట్టుకొస్తాయి. ధార చప్పుడు బరువెక్కుతుంది, అప్పటి దాకా మామూలుగా మాట్లాడుకున్నవారు గొంతు పెంచవలసి వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బట్టలు, సంచులు, ఫోన్లు సర్దుకుంటూ నిలబడకూడదు, పిల్లలను ఎత్తుకుని మెట్ల వైపు పైకి పోవాలి. వాగు వెంట కిందికి పరుగెత్తడం వృథా, నీరు మీకంటే వేగంగా వస్తుంది. ఎత్తులోకి పోవడమే దారి. ఒడ్డున కూర్చున్నప్పుడు నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని పావుగంటకోసారి చూస్తుంటే, రంగు మారకముందే పెరుగుదల తెలుస్తుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వద్దని మొదట చెప్పింది ఇందుకే.

చుట్టు దారి

అనుమతి దొరికి, తోడు మనిషి వచ్చిన రోజున చుట్టు దారి ఎన్నుకోవచ్చు. మెట్ల దారిన దిగి, వాగు గట్టున కొంత దూరం సాగి, మరో చోట లోయ అంచు ఎక్కి, పైన టేకు, నల్లమద్ది, వెదురు మధ్యగా వాహనం దగ్గరికి చేరడం దీని పద్ధతి. ఇదే వరుసలో నడవాలని, దీన్ని తిప్పి నడవవద్దని నా సలహా. బండరాళ్ల దారిని ఎక్కడం తేలిక, దిగడం కష్టం. ఎక్కేటప్పుడు కన్ను, చేయి, పాదం ఒకే వైపు ఉంటాయి, దిగేటప్పుడు పాదం ఎక్కడ ఆనుతుందో కంటికి కనపడదు. మెట్లు ఉన్న వైపు దిగడానికీ, రాళ్లున్న వైపు ఎక్కడానికీ వాడుకుంటే జారిపడే ప్రమాదం చాలా తగ్గుతుంది.

చుట్టు దారిలో మోసం ఏమిటంటే, సగం దాటాక వెనక్కి తిరగడం కంటే ముందుకు పోవడమే దగ్గర అవుతుంది, అప్పుడు మనసు దేనికైనా సరే అంటుంది. అందుకని దిగక ముందే సగం ఎక్కడో తోడు మనిషిని అడిగి తెలుసుకుని, దానికి ఒక గడువు పెట్టుకోండి. ఒంటి గంటకు అక్కడికి చేరకపోతే, ఎంత దగ్గర్లో ఉన్నా, తెలిసిన మెట్ల దారికే మళ్లాలి. చుట్టు దారి వాగును రెండు చోట్ల దాటేదైతే, మబ్బు పట్టిన రోజున ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. మొదటి దాటు వెనక నీరు పెరిగి, రెండో దాటు ముందు నీరు పెరిగితే మధ్యలో చిక్కుకుపోతారు.

వాగు దాటేటప్పుడు ఇరుకైన చోటు దగ్గరగా ఉందని మోసపోవద్దు, అక్కడే లోతూ వేగమూ ఎక్కువ. వెడల్పుగా, నీరు పలచగా పరచుకున్న చోటు చూసి, బూట్లు విప్పకుండా, నడుము పట్టీ విప్పిన సంచితో, కర్రను ఎగువ వైపు ఆనించి, కొద్దిగా ఎగువకు తిరిగి పక్కడుగులు వేస్తూ దాటాలి. నీరు మోకాలు దాటి పారుతుంటే దాటకూడదు. వరసలో మనిషికీ మనిషికీ మధ్య పదడుగుల కంటే ఎక్కువ దూరం ఉండకుండా నడవండి, నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి, వెనక దారి తెలిసిన మనిషి ఉండాలి. ఫోన్ సిగ్నల్ మన్ననూరు దాటాక నమ్మదగినది కాదు కాబట్టి, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ముందే ఇంట్లోనూ, ప్రవేశం దగ్గర సిబ్బందికీ చెప్పి వెళ్లండి. విడిపోతే ఈల మూడుసార్లు ఊది ఉన్న చోటనే ఉండాలి, వెతుక్కుంటూ తిరగకూడదు.

జంతువులు, తేనెటీగలు

పులి గురించి అందరూ అడుగుతారు. పగటిపూట, గుంపుగా, మాట్లాడుకుంటూ నడిచేవారికి పులి కనిపించడం అరుదు, అదే మనల్ని తప్పించుకుని పోతుంది. కొండముచ్చు చెట్టు చివరి నుంచి ఒకే దిక్కు చూస్తూ దగ్గినట్టు అరిచినా, దుప్పి పదే పదే కూత పెట్టినా తోడు మనిషి చేయి ఎత్తి ఆగుతాడు, మీరూ ఆగండి. నేను అంతకంటే ఎక్కువగా భయపడేది ఎలుగుబంటికి. దానికి చూపు తక్కువ, మలుపు దగ్గర ఉన్నట్టుండి ఎదురైతే ఆత్మరక్షణకు మీద పడుతుంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, చెదపుట్టల దగ్గర, పొద్దున, సాయంత్రం దీని సంచారం ఎక్కువ. మలుపుల దగ్గర గొంతు పెంచి మాట్లాడటం దీనికి మందు. ఏ జంతువు ఎదురైనా వీపు చూపించి పరుగెత్తకుండా, గుంపుగా ఒకచోట చేరి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి తగ్గాలి. కోతులకు తిండి పెట్టవద్దు. ఒకసారి అలవాటు పడిన కోతి తర్వాత వచ్చేవారి సంచి లాగుతుంది, రోడ్డు పక్క చేరి బండ్ల కింద పడుతుంది.

లోయ గోడల మీద, రాతి చూరు కింద, నల్లని పలకల్లా వేలాడేవి పెద్ద తేనెటీగల పట్లు. చెంచులు తాళ్ల మీద దిగి ఆ తేనె తీస్తారు. అది వారి విద్య, వారి బతుకు. మనం చేయవలసింది వాటిని కదిలించకపోవడమే. పొగ పెట్టడం, రాయి విసరడం, డ్రోన్ ఎగరేయడం, ఘాటైన వాసనలు పూసుకుని పట్టు కింద నిలబడటం, ఇవన్నీ వాటిని లేపుతాయి. అవి లేస్తే చేతులు ఊపవద్దు. చొక్కాతోనో తువ్వాలుతోనో తల, ముఖం కప్పుకుని, పడిపోకుండా ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా చాలా దూరం పోవాలి. నీటిలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి, ఊపిరికి తల ఎత్తగానే కుడతాయి. ముళ్లను గోటితోనో కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయాలి. ఒళ్లంతా దద్దుర్లు, గొంతు వాపు, ఆయాసం కనిపించినా, ఒక్కరినే పదుల సంఖ్యలో కుట్టినా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, మంత్రానికి ఆగవద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలు కదలకుండా రెండు కర్రల మధ్య వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని పైకి చేర్చి, సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేయాలి. పామును చంపి పట్టుకెళ్లనక్కర్లేదు, మందు లక్షణాలను బట్టి ఇస్తారు. కరిచిన సమయం మాత్రం గుర్తుంచుకోండి, వైద్యులు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఎక్కడం

నీటి దగ్గర లేచే ముందు పొడి బట్టలు, పొడి మేజోళ్లు వేసుకోండి. తడి మేజోళ్లతో ఎక్కితే మడమ వెనక బొబ్బ ఖాయం. మూడు లీటర్లలో కనీసం ఒక లీటరు ఈ ఎక్కుడు కోసం మిగిలి ఉండాలి. మొదటి యాభై మెట్లు కావాలనే నెమ్మదిగా ఎక్కాలి; మాట్లాడుతూ ఎక్కగలిగితే వేగం సరిపోయినట్టు, మాట తెగుతుంటే తగ్గించాలి. ఇరవై మెట్లకోసారి ఆగి నిలబడే ఊపిరి తీసుకోండి, కూర్చుంటే లేవడం కష్టమవుతుంది. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చల్లని చెమట వస్తే అది అలసట అనుకోకుండా అక్కడే కూర్చోబెట్టి సాయం పిలవాలి. గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్న పెద్దవారిని పైననే కూర్చోబెట్టడం తప్పేమీ కాదు. చీలమండ బెణికితే బూటు విప్పకుండా పైనుంచే బ్యాండేజీ చుట్టండి. విప్పితే వాపు వల్ల మళ్లీ పాదం పట్టదు.

సలేశ్వరం వెళ్లాలనుకునేవారికి

ఇదే అడవిలో, లింగాల మండలంలో ఉన్న సలేశ్వరం లోయ ఇంతకంటే కఠినమైనది. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్ది రోజులు జాతర జరిగే సమయంలో మాత్రమే లోపలికి అనుమతిస్తారు. పోయేటప్పుడు “వస్తున్నాం లింగమయ్యా” అంటూ, వచ్చేటప్పుడు “పోతున్నాం లింగమయ్యా” అంటూ జనం బారులు తీరి నడుస్తారు. ఇక్కడ వాగు భయం తక్కువ, ఎండ భయమూ రద్దీ భయమూ ఎక్కువ. ఏప్రిల్ ఎండలో రాతి గోడలు పొయ్యి మీది పెనంలా కాలుతుంటాయి కాబట్టి తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, పదింటికల్లా పైకి రావాలి. నీరు నాలుగైదు లీటర్లకు పెంచాలి. బాట ఇరుకైన చోట ఎదురు వచ్చేవారికి కొండ గోడ వైపు నిలబడి దారి ఇవ్వండి, లోయ వైపు కాదు. పిల్లలను చేయి పట్టుకుని గోడ వైపునే నడిపించండి. వెనక నుంచి తోపు మొదలైతే ముందుకు నెట్టకుండా పక్కన రాతిని ఆనుకుని అది తగ్గే దాకా ఆగాలి.

ఇంటికి వచ్చాక

స్నానానికి ముందు ఒళ్లంతా వెతుక్కోండి, ముఖ్యంగా చంకలు, మోకాలి వెనక, నడుము పట్టీ కింద, చెవి వెనక. పిడుదు కనిపిస్తే కిరోసిన్ పోయడం, కాల్చడం వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి, ఆ చోట సబ్బుతో కడగండి. వేసుకున్న బట్టలన్నీ వేడినీటిలో నానబెట్టండి, బూట్లు బయటే దులిపి ఎండలో పెట్టండి. ఆ తర్వాత మూడు వారాల లోపల జ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తే, లేదా ఒంటి మీద ఎక్కడైనా నల్లని పొక్కు కట్టిన చిన్న పుండు కనిపిస్తే, వైద్యుడితో మొదటి మాటగానే అడవిలో తిరిగి వచ్చానని చెప్పండి. పొదల్లో ఉండే చిన్న చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి మామూలు జ్వరం మాత్రలు పనిచేయవు, సరైన యాంటీబయాటిక్ త్వరగా మొదలుపెడితే మాత్రం త్వరగానే తగ్గుతుంది.